అప్ప గీకిన పేగు

మావ పోయాడన్న కబురు నాకు ప్రాక్టికల్ క్లాసు మధ్యలో తెలిసింది. ఎప్పుడూ దూసుకుంటూ లోపలికి వచ్చే వాచ్‌మన్ ఆ రోజు గుమ్మం బయట చెప్పులు విప్పి నిలబడ్డాడు. ఆ పూట పిల్లలు మైక్రోస్కోపుల్లో చూస్తున్నవి చిన్నపేగు స్లైడులు, అన్నీ మావ చేత్తో కోసినవే. గీస్తున్న బొమ్మ పూర్తి చేసి వెళ్ళమని వాళ్ళకి చెప్పాను.

మావ నాకు చుట్టం కాదు. మా విజయనగరం కాలేజీలో జంతుశాస్త్రం ల్యాబ్ అటెండరు. పి.యు.సి. పిల్లల నుంచి ప్రిన్సిపాలుగారి దాకా అందరికీ మావే. నేనక్కడ డిమాన్‌స్ట్రేటరుగా చేరి మూడేళ్ళయింది. ఎమ్మెస్సీ పట్టా నాదే గానీ, పేగు లోపల ఏముంటుందో నాకు కళ్ళకు కట్టినట్టు చూపించింది ఎనిమిదో తరగతితో బడి మానేసిన ఆ మనిషే.

మేకపేగు ముక్కని ఫార్మలిన్‌లో వేసి, స్పిరిట్‌తో అందులోని నీరంతా లాగేసి, మైనంలో పోత పోసి, ఉల్లిపొర కన్నా పలచగా కోసేవాడు. ఎరుపూ నీలం రంగులద్ది, మైక్రోస్కోపు అద్దం కిటికీ వైపు తిప్పి వెలుతురు పట్టి, “సూడమ్మా” అని పక్కకి తప్పుకునేవాడు. చూస్తే పేగు గోడ నున్నగా ఉండదు. ఆకుమడిలో వరినారులా సన్నటి వేళ్ళు వేలకొద్దీ నిలబడి ఉంటాయి. వాటి మొదళ్ళలో చిన్న చిన్న గుంతలు. ఒక్కో వేలి మీదా ఒకే వరసలో కణాలు, వాటి మధ్య అక్కడక్కడా జిగురు నిండి ఉబ్బినవి కొన్ని. వాటిని మావ కల్లుముంతలనేవాడు. పుస్తకాల్లో ఆ వేళ్ళని విల్లై అంటారు. మావ మాత్రం, “తిన్న కూడు ఒంట్లోకి లాగీది ఈ ఏల్లేనమ్మా. కడుపు నిండడం ఏరు, ఒంటికి పట్టడం ఏరు” అనేవాడు. ఆ మాట నా సొంతమన్నట్టు ఎన్ని క్లాసుల్లో చెప్పుకున్నానో, సిగ్గులేకుండా.

మావకి పెళ్ళాం పిల్లలు లేరు. భర్త పోయిన అప్ప, అంటే ఆయన అక్క, ఆయన దగ్గరే ఉంటూ గంపలో చేపలు అమ్మేది. కాలేజీకి మేకపేగు తెచ్చే పని కూడా ఆవిడదే. ఒకసారి ఆవిడకి మనసొప్పలేదు. చదువుకున్నవాళ్ళ దగ్గరికి ఆ కంపు సరుకు ఎలా పంపడం? ఇంట్లో బోటి వండే ముందు చేసినట్టే, పేగు తిరగేసి, సున్నం రాసి, కత్తి వీపుతో లోపలంతా గీకి, పసుపునీళ్ళతో కడిగి, మళ్ళీ ఎప్పటిలా తిరగేసి పంపింది. మావ చూసుకోకుండా ఫార్మలిన్‌లో వేశాడు. తీరా కోసి చూస్తే ఒక్క వేలు లేదు, అంతా బోడి. మావ ఇంటికెళ్ళి కేకలేశాడట. మర్నాడు ఆవిడే నా దగ్గరికి పంచాయితీకి వచ్చింది.

“బోటి కడక్కండా అంపితే మా ఇంటి పరువేటవుతాదమ్మా?”

నెల రోజులు నవ్వుకున్నాం. మావ ఆ స్లైడు పారేయలేదు. స్లైడుల పెట్టెలో చివరి నుంచి రెండో గాడిలో పెట్టి దానికో చీటీ అంటించాడు. “చిన్నపేగు. అప్ప గీకింది.” చీటీలన్నీ ఇంగ్లీషులో ఉంటే అదొక్కటీ తెలుగులో. ఆ తరవాత ఏ స్లైడు చెడినా “అప్ప గీకిందా?” అనడం మాకు అలవాటైపోయింది. అందరికన్నా ఎక్కువ అన్నది నేనే. నా నోరు అలాంటిది.

పోయిన వానాకాలంలో మావ చిక్కడం మొదలుపెట్టాడు. తిండి లేక కాదు. బియ్యం కరువైన ఈ రోజుల్లో కూడా తమ్ముడికి అప్ప ఏ లోటూ రానివ్వలేదు. పొద్దున్నే చోడి అంబలి, మధ్యాహ్నం కారియరు నిండా అన్నం, ఎండుచేపల పులుసు. అంతా తినేవాడు. తిన్న గంటకే చెంబు పట్టుకుని పరిగెత్తేవాడు. నాలుక ఎర్రగా నున్నబడి, కారం తగిలితే కళ్ళ నీళ్ళు పెట్టుకునేవాడు. ఒకరోజు డిసెక్షన్ సూదితో బెల్టుకి కొత్త చిల్లు పొడుస్తుంటే చూశాను. దసరా నాటికి అలాంటి చిల్లులు నాలుగయ్యాయి. ఊళ్ళో డాక్టరు జిగట విరేచనాలని సూదులు పొడిచాడు. అప్ప తాయెత్తు కట్టించింది. ఏదీ గుణమివ్వలేదు.

“తింతన్నానమ్మా. తిన్నదేటవుతందో తెలీడం నేదు” అన్నాడొకసారి నాతో. నాకు భయం వేసింది. భయం వేస్తే నేను హాస్యమాడతాను. అప్పుడూ అదే చేశాను.

చివరికి విశాఖపట్నం పెద్దాసుపత్రికి వెళ్ళాడు. సన్నటి గొట్టానికి కట్టిన ఇనప గోళీ ఒకటి మింగించారట. అందులో చిన్న కత్తి ఉంటుందట. అది లోపలికి దిగి పేగు గోడని రవ్వంత కొరికి పైకి తెస్తుందట. తిరిగొచ్చాక మావ ఆ సంగతంతా కథలా చెప్పాడు. మరి ఏం తేలిందని అడిగితే, “ఏటీ నేదు, నీరసమంట, మాత్తర్లిచ్చినారు” అన్నాడు. మాకూ కావలసింది ఆ మాటే కనక నమ్మేశాం.

రెండు వారాల తరవాత ఒక సాయంత్రం, పిల్లలు వెళ్ళిపోయాక, మావ మైక్రోస్కోపులో చీటీ లేని స్లైడొకటి పెట్టి అద్దం తిప్పాడు. “సూడమ్మా” అన్నాడు. నేను బస్సు తొందరలో ఉన్నాను. వంగి చూశాను. పేగు గోడ చదునుగా ఉంది. వేళ్ళు లేవు.

“ఏం మావా, అప్ప మళ్ళీ గీకిందా?” అని నవ్వాను.

మావ అద్దాన్ని కిటికీ వైపు నుంచి తిప్పేశాడు. తరవాత ఆయనా నవ్వాడు. “అలగే ఉన్నాది గదా” అని, స్లైడు తువ్వాలుతో తుడిచి జేబులో వేసుకున్నాడు. నేను బస్సుకి పరిగెత్తాను.

మాత్రలతో ఒక నెల తేరుకున్నాడు. బెల్టు ఒక చిల్లు వదులైంది కూడా. అంతలో జ్వరం తగిలింది, మంచం పట్టాడు. ఆఖరిసారి చూడటానికి వెళ్తే స్లైడులు కోసే మైక్రోటోము కత్తి తోలు మీద నూరుతున్నారా అని అడిగాడు. స్లైడు పెట్టె ఆఖరి గాడి దాకా తుడిచి పెట్టమన్నాడు. సరేనన్నాను. తుడవలేదు.

పోయిన మూడో రోజు వాళ్ళింటికి వెళ్ళాను. అప్ప బోర్లించిన చేపల గంప పక్కన కూచుని ఉంది. నన్ను చూసి గంప పక్కకి జరిపింది.

“అమ్మా, అప్పుడు నాను ఆ మేకపేగు గీకీసినాను గదా. ఆ ఉసురేటి, నా తమ్ముడికి తగిలినాది?”

కాదన్నాను. అప్ప గీకిందన్న మాట నవ్వులాట చేసి నెలల తరబడి ఆయన చెవిలో వేసినదాన్ని నేనే కదా.

ఆ మధ్యాహ్నమే ల్యాబ్‌కి వెళ్ళి పెట్టె తీశాను. ఆఖరి గాడిలో ఎన్నడూ లేని స్లైడు ఉంది. దాని మీద మావ దస్తూరీ.

“చిన్నపేగు. గీకలేదు.”

పేరు లేదు. అద్దం తిప్పి ఈసారి నిదానంగా చూశాను. అప్ప గీకిన దాన్లో విరిగిన మొదళ్ళుంటాయి, అంచు చిరిగి కణాలు రాలిపోయి ఉంటాయి. ఇందులో చిరుగన్నదే లేదు. చదును గోడ మీద కణాల వరస ఈ చివర నుంచి ఆ చివరకి తెగకుండా ఉంది. వేళ్ళు ఎవరూ కోయలేదు, వాటంతటవే కరిగిపోయాయి. రెండో సంవత్సరం పిల్లలు కూడా పోల్చగల తేడా. ఆసుపత్రిలో తనలాగే మైనం కోసే మనిషెవరినో బతిమాలి మావ తన పేగు ముక్క తనే తెచ్చుకున్నాడు. ఆ సాయంత్రం నాకు చూపించింది అదే, చదువుకున్నదాన్నని నా చేత ఒక్క మాట చెప్పించుకోవాలనుకున్నాడు. నేను నవ్వాను. ఆ తరవాత తిన్న ప్రతి ముద్దా ఒంటికి పట్టదని తెలిసే తిన్నాడు.

స్లైడు రుమాల్లో చుట్టి అప్ప దగ్గరికి తీసుకెళ్ళాను. ఆవిడకి చదువు రాదు. చీటీ మీద ఉన్నది చదివి వినిపించాను. ఇది నీ తమ్ముడి పేగేనప్పా, ఎవరూ గీకలేదు, తనే రాసి పెట్టాడు అన్నాను. మళ్ళీ చదవమంది. మళ్ళీ చదివాను.

“ఉండమ్మా, సేతులు కడుక్కొని వస్తాను” అని లోపలికి వెళ్ళింది.

వచ్చి, చీర చెంగుకి చేతులు రెండుసార్లు తుడుచుకుని, గాజుముక్కని అంచులతో పట్టుకుని ఎండకి ఎత్తింది. ఎండ అందులోంచి దిగి, ఆవిడ రెండో అరచేతిలో నువ్వుగింజంత ఎర్రచుక్క పడింది. అప్ప ఆ చెయ్యి చాలాసేపు కదపలేదు.