పక్కన ఊరికే కూర్చోమన్న టీచరుగారు

మా మనవరాలి ఒకటో తరగతి టీచరుగారు పోయిన మంగళవారం గుండె నొప్పితో చనిపోయారు. ఆ కబురు నాకు క్లాసు వాట్సాప్ గ్రూపులో తెలిసింది. కింద ఒకరి తర్వాత ఒకరు చేతులు జోడించిన బొమ్మలు పెడుతున్నారు. వాటి మధ్యలో ఒకావిడ, "మరి రేపటి డిక్టేషన్ ఉంటాదా అండీ?" అని అడిగింది. నాకు ఒళ్లు మండింది. ప్రార్థన చేసుకుని ఆవిడను క్షమించాను, కానీ పూర్తిగా క్షమించానని చెప్పలేను. టీచరుగారు ఉండి ఉంటే తల పట్టుకునేవారు. పిల్లలు ఆవిడను ఎప్పుడూ విసిగించలేదు. విసిగించిందంతా మేం, పెద్దవాళ్లమే.

గోపాలపట్నంలో మా ఇంటికి రెండు వీధుల అవతల ఆ బడి. అబ్బాయికి పోర్టులో షిఫ్టు డ్యూటీ, కోడలు నర్సు, కాబట్టి జూన్‌లో మొదటి మీటింగుకి నేనే వెళ్లాను. పిల్లల బెంచీల మీద మోకాళ్లు గడ్డానికి తగిలేలా కూర్చున్నాం. ఒకాయన లేచి, ఏడాది తిరిగేసరికి పిల్లలకు ఏమేం వస్తాయని అడిగాడు.

"అక్షరాలు, గుణింతాలు, చిన్న చిన్న మాటలు చదవడం. వందదాకా అంకెలు, వేళ్ల మీద కూడికలు," అన్నారు టీచరుగారు, సుద్ద చేతులు కొంగుకి తుడుచుకుంటూ. "తన వంతు వచ్చీదాకా ఆగడం. బాత్రూముకి వెళ్లాలంటే నోరు తెరిచి అడగడం. ఆటలో ఓడిపోతే ఏడవకుండా మళ్లీ ఆడడం. ఇదే ఒకటో తరగతి."

"మరి ఇంగ్లీషులో మాట్లాడడం?"

"ముందు తెలుగులో మాట్లాడనీండి బాబూ. ఇందాక మీవోడిని పేరేటని నాను అడిగితే మీరే సెప్పేసినారు."

అందరం నవ్వాం. ఆ మాట నాకు కాదనుకుని నేను ఇంకాస్త ఎక్కువ నవ్వాను. మరి ఇంట్లో ఏం చెయ్యాలంటే, "రోజూ పది నిమిషాలు పక్కన ఊరికే కూర్చోండి. అంతే. పెన్సిలు మీరు ముట్టుకోకండి," అన్నారు.

ఆ 'అంతే' ఎంత పనో నాకు ఇంటికి వెళ్లాక తెలిసింది. మా పిల్ల 'ఖ' ఒక్కటి రాసి మంచినీళ్లు అడుగుతుంది. ఇంకొకటి రాసి కాలు దురద అంటుంది. మూడోది రాసే ముందు రబ్బరు మంచం కిందకి పోతుంది. ఒక సాయంత్రం నాకు ప్రార్థన కూటానికి వేళవుతోంది, ఇంకా రెండు వరుసలు మిగిలాయి. చుట్టూ చూసి, పెన్సిలు ఎడమచేత్తో పట్టుకుని, వంకరటింకరగా నేనే రాసేశాను. మర్నాడు ఆ పేజీ కింద ఎర్ర సిరాతో ఉంది: 'మామ్మగారు బాగా రాశారు. ఇప్పుడు పాపను రాయమనండి.'

ఆవిడ నాకంటే అయిదేళ్లు పెద్ద. అయినా నన్ను మామ్మగారూ అనే పిలిచేవారు. అదొకటి నాకు చిరాకు.

గేటు దగ్గర, "ఎలా తెలిసింది టీచరుగారూ?" అని మెల్లిగా అడిగాను.

"మీ పాప ఇంత ఛండాలంగా రాయదు మామ్మగారూ."

క్రిస్మస్ ముందు మా చర్చిలో పిల్లల కార్యక్రమం పెట్టారు. మా పిల్ల పెద్ద బైబిలు తెరిచి పట్టుకుని, కీర్తన మొత్తం వేలు పెట్టి చదివింది. ఒక్క మాట తప్పలేదు. ఆరేళ్ల పిల్ల చదివిందని పాస్టరుగారే ముందు చప్పట్లు కొట్టారు. టీచరుగారు హిందువులు, నేను పిలిస్తే వచ్చి వెనక వరుసలో కూర్చున్నారు. అందరూ వెళ్లాక నా పక్కకి వచ్చి, "పాప తీసిన పేజీలో ఆ కీర్తన లేదు మామ్మగారూ. నాను వెనకనించి వెళ్లి సూశాను," అన్నారు.

పండగ పూట దేవుడి ఇంట్లో ఆ మాటా? మర్నాడే పాపను వేరే సెక్షనుకి మార్చమని హెడ్‌మాస్టరుగారికి కాగితం రాసి ఇచ్చాను.

కానీ మనసు ఊరుకోలేదు. రెండు రోజులాగి, పిల్ల ముందు బైబిల్లో వేరే పేజీ తెరిచి చదవమన్నాను. వేలు పెట్టి ఆ కీర్తనే చదివింది. తెలుగు వాచకం తెరిచి బొమ్మ మీద నా చెయ్యి అడ్డం పెట్టాను. పిల్ల నా మొహంలోకి చూస్తూ ఆగిపోయింది. అక్షరాలు చూసి రాస్తుంది గానీ, ఒక్క మాట కూడబలుక్కోలేదు. మూడేళ్లప్పటి నుంచీ నేను ఒక మాట అనడం, అది తిరిగి అనడం. బైబిలు వాక్యాలు అలాగే నేర్పాను, బడి పాఠాలూ అలాగే నేర్పాను, చదువు వచ్చేసిందని ఊరంతా చెప్పుకున్నాను. ఇంకో మూడు నెలల్లో అది రెండో తరగతికి వెళ్లిపోతుంది, వచ్చినట్టే అందరూ అనుకుంటుండగా.

సిగ్గు విడిచి ఆ కాగితం వెనక్కి తీసుకోవడానికి వెళ్లాను. హెడ్‌మాస్టరుగారు ఇచ్చారేమో, అది టీచరుగారి చేతిలోనే ఉంది.

"కుడిచేత్తో రాస్తే మీ రాత బాగుంటాది మామ్మగారూ," అని మడిచి నాకు ఇచ్చేశారు. ఆ మాట ఇంకెప్పుడూ ఎత్తలేదు.

తర్వాత ఏం చెయ్యాలో చెప్పారు. ముందు మీరు చదివి వినిపించకండి. కనపడింది ఏదైనా దాన్నే చదవనీండి. అది ఆగినప్పుడు మొహం చూడకండి, చూస్తే మన మొహంలో జవాబు వెతుక్కుంటారు. ఆవిడ కూడా తరగతిలో పిల్లలు తడబడుతుంటే కిటికీ వైపు చూస్తూ నిలబడేవారు.

"తప్పు చదివితేనో?"

"సదవనీండి. తనే వెనక్కి వస్తాది."

"రాకపోతే?"

"ఏటి మామ్మగారూ, దేవుడి దగ్గర ఎన్నాళ్లయినా ఆగుతారు, మనవరాలి దగ్గర రెండు నిమిషాలు ఆగలేరా?"

ఆ మాట నన్ను ఇప్పటికీ వదల్లేదు. ఆగాను, కానీ సంతోషంగా ఆగానని అబద్ధం చెప్పను. పంచదార పొట్లం మీద 'పం' దగ్గర మొదలుపెట్టి 'ర' చేరేసరికి నాకు పొయ్యి మీద పాలు పొంగిపోయేవి. నాలుక చివర మాట పెట్టుకుని మింగడం ఉపవాసం కంటే కష్టం. మధ్యలో అబ్బాయి వచ్చి, "పంచదారే తల్లీ," అని అందించేవాడు, నేను వాడి మీద కళ్లెర్రజేసేదాన్ని. సంక్రాంతి సెలవులు దాటాక ఒకరోజు సబ్బు కాగితం తనంతట తాను చదివింది. ఆ కాగితం తీసుకెళ్లి టీచరుగారికి చూపిస్తే, ఆవిడ పిల్లను మెచ్చుకోలేదు. "మామ్మగారు నేర్చుకున్నారు," అన్నారు.

నిన్న పాపను బడికి తీసుకెళ్తుంటే, మలుపులో ఆవిడ ఫోటోతో ఫ్లెక్సీ కట్టి ఉంది. పాత విద్యార్థులు కట్టించారట. పిల్ల కంట పడకుండా దాటిద్దామనుకున్నాను. ఈలోగా చెయ్యి విడిపించుకుని దాని ముందు నిలబడింది. పైన 'శ్రద్ధాంజలి' అని పెద్ద వత్తులతో ఉంది. పిల్ల దాన్ని రెండుసార్లు మొదలుపెట్టి వదిలేసింది. ఫోటో కింద ఉన్న పేరు దగ్గరకి వచ్చింది. ఒక్కొక్క అక్షరమే కూడబలుక్కుంది. వెనక ఆటోవాడు హారను కొడుతున్నాడు. నేను ఒక్కటీ అందించలేదు.

పేరు అయ్యాక నా వైపు తిరిగి, "మామ్మా, టీచర్‌కి పేరు ఉందా?" అంది.

ఉందన్నాను. బడిలో గంట కొట్టారు. గేటు మూసేస్తారు, పద అని చెయ్యి పట్టుకు లాగాను. పిల్ల కదల్లేదు. మెడ వెనక్కి వంచి, వేలు పైకెత్తి, ఆ పేరు మళ్లీ మొదటి అక్షరం నుంచి మొదలుపెట్టింది.