అర చుట్టు

వాలులో సైకిలు చక్రం మెలిపడి తమ్ముడు పోయాక, దర్జీ అక్క వీధి చివర సైకిళ్లు బాగుచేసే జట్టులో చేరి చక్రాలు కట్టడం నేర్చుకుంది. వాడి సైకిలు బాగుచేసి తనే తొక్కాలని పంతం. మొండిఘటం, పట్టిందంటే వదలదు.

ఆ రోజు ఎవరిదో చక్రం తిప్పుతుంటే టిక్కు టిక్కుమంది. అక్క చెయ్యి ఆగిపోయింది. తమ్ముడి సైకిలు నెల్లాళ్లు అచ్చం అలాగే మోగింది. "నీ బండి పళ్లు కొరుకుతోందిరా, దానికీ నువ్వంటే గిట్టదు" అని ఎకసెక్కాలాడిందే గానీ, ఎక్కడైనా చూపించమనలేదు.

"ఏం చప్పుడురా ఇది?" అని నేర్పేవాణ్ణి అడిగింది.

"స్పోకు పుల్ల వదులైందక్కా. అలాగే తొక్కితే పుల్లలు తెగి చక్రం మెలిపడుతుంది."

"ఎంత బిగించాలి?"

"అర చుట్టు చాలు."

అక్క బిగించింది. చప్పుడాగింది.

"ఇంతేనా?" అంది. "ఇంతేనట్రా?" అని అడుగుతూనే ఉంది.