ఉప్మా బిల్లు

చర్ల దగ్గరి ఆశ్రమ పాఠశాలలో వంట చేసే జంపక్కకు రాజకీయాలంటే మహా సరదా. హైదరాబాదులో ఏ పార్టీకి ఎన్ని సీట్లు, ఢిల్లీలో ఎవరి బలమెంత, ఎవరు ఎటు దూకారు అన్నది టీవీలో విని, పొద్దున్నే పొయ్యి దగ్గర తోటి వంటామెకు చెప్పందే ఆమెకు పని సాగదు. సోషల్ టీచర్ శ్రావణి పిల్లలతో బడిలోనే శాసనసభ పెట్టిస్తోందని తెలియగానే, తనకే టికెట్టు వచ్చినంత సంబరపడింది.

పిల్లలు ఇప్పపూల పార్టీ, వెదురు పార్టీ అని రెండుగా చీలారు. ఒకే ఒక్క సీటు ఎక్కువ తెచ్చుకుని ఇప్పపూల పార్టీ గెలిచింది. తొమ్మిదో తరగతి సంగీత ముఖ్యమంత్రి అయింది. జంపక్క అందరికీ బెల్లం ముక్కలు పంచింది. వాళ్ళు ఏం మాటిచ్చి గెలిచారో మాత్రం అడగలేదు.

సభ రోజున వంట ముగించి, చేతులు తుడుచుకుంటూ వచ్చి తలుపు పక్కన కూర్చుంది. సంగీత లేచింది.

"అధ్యక్షా! ఎన్నికల్ల మాటిచ్చినట్టు, గురువారం టిఫిన్ల ఉప్మా రద్దు చేసే బిల్లు పెడుతున్న."

అధికార పక్షం బల్లలు చరిచింది. జంపక్క ముఖం చిన్నబోయింది. ఇన్నేళ్ళుగా ఆ ఉప్మా వండుతున్నది తనే కదా!

ప్రతిపక్ష నాయకుడు పూల్‌సింగ్‌కూ ఉప్మా పడదు. అయినా ప్రతిపక్షమన్నాక ఊరుకోకూడదు. "అధ్యక్షా, ఉప్మా తీసేస్తే ఏం పెడతరో బిల్లుల రాయనే లేదు. మా కడుపులు మాడుస్తరా?" అని గర్జించాడు.

ఓటింగు మొదలైంది. ఇప్పపూల పార్టీలో చివరి బెంచీ భద్రు చెయ్యెత్తలేదు.

"చెయ్యెత్తురా!" సంగీత పళ్ళు కొరికింది.

"నేనెత్త. గిన్నె అడుగున మాడింది జంపక్క నాకే పెడ్తది. నాకు గదే ఇష్టం," అంటూ భద్రు లేచి వెళ్ళి పూల్‌సింగ్ పక్కన కూర్చున్నాడు.

బిల్లు వీగిపోయింది. మెజారిటీ పోయి సర్కారూ పడిపోయింది. పార్టీ మారితే సీటు పోతుందన్న చట్టం గురించి శ్రావణి చెప్పబోయింది గానీ ఆ గోలలో ఎవరూ వినలేదు. పూల్‌సింగ్ అప్పటికే ముఖ్యమంత్రి కుర్చీలో ఉన్నాడు.

జంపక్క ఉండబట్టలేక లేచింది. "నేనొక్క మాట చెప్పాలె."

"చూడనీకి వచ్చినోళ్ళు మాట్లాడొద్దు," అంది స్పీకరు పిల్ల, గంభీరంగా.

"సభ ఒప్పుకుంటే మాట్లాడొచ్చు," అంది శ్రావణి నవ్వాపుకుంటూ. ఆ రోజు రెండు పార్టీలూ కలిసి చేతులెత్తింది ఆ ఒక్కదానికే.

"నా ఉప్మా నాకే నచ్చదు బిడ్డా! ఇంటికాడ మా ఇంటాయన దూలయ్యకు ఎన్నడన్న వండితినా? స్టోరుల రవ్వ ఇస్తున్నరు, వండుతున్న. నోరు తెరిచి నన్నడిగితే, గదే రవ్వతోని నిమ్మకాయ పులిహోర చెయ్యకపోదునా?"

రెండు వైపులా బల్లలు విరుగుతాయేమో అన్నంతగా చరిచారు. విషయం విని వార్డెను కూడా సరేనన్నాడు.

మరుసటి గురువారం పులిహోర గిన్నె చూస్తుండగానే ఖాళీ అయింది. అది తమ బిల్లు చలవే అని సంగీత, తమ హయాంలోనే వచ్చిందని పూల్‌సింగ్, కంచాలు పట్టుకునే వాదించుకున్నారు. జంపక్క నడుమున చెయ్యి పెట్టుకుని, ఇద్దరి వాదననూ ఎంతో ముచ్చటగా విన్నది.