గుమ్మడికాయ మీద నిలిచిన కారు

ఆయుధపూజ మరునాడు పొద్దున ఏడింటికి హోసూరు బస్టాండులో కృష్ణగిరి బస్సెక్కాను. బస్సు ముందర కట్టిన అరటి పిలకలు ఇంకా వాడలేదు. నేను కార్ల షెడ్డులో ఎలక్ట్రికల్ పని చేస్తాను. సెలవు రోజు కూడా కారు కోసమే ప్రయాణం, నా రాత అది.

పిలిచింది మా అమ్మ తమ్ముడు మునియప్ప మామ. ముప్పై ఏళ్లు లారీ తోలి, ఈమధ్యే ఒక గ్రానైట్ వ్యాపారి దగ్గర డ్రైవరుగా చేరాడు. నిన్న ఆ వ్యాపారి కొత్త స్పోర్ట్స్ కారుకు పూజ చేసి గుమ్మడికాయ కొడితే, బండి కదలనే లేదట. మామ చెయ్యి మంచిది కాదని, ఇవాళ సాయంత్రానికి వేరే డ్రైవర్ని పెట్టుకుంటానన్నాడట ఆ యజమాని.

పక్క సీటులో ఒకామె బాగలూరు చామంతులు తీసుకుపోతోంది. సంగతి విని, "దిష్టి పోలేదేమోమ్మా, ఇంకో కాయ కొట్టమను," అంది. నవ్వు ఆపుకుని, శూలగిరి దాటేదాకా ఆమె పూలబుట్ట ఒళ్లో పెట్టుకున్నాను.

ఎనిమిదిన్నరకు దిగి, రెండు ఇడ్లీలు తిని, ఆటోలో ఆ యజమాని ఇంటికి వెళ్లాను. ఇంటి నుంచి రోడ్డుకెక్కే వాలులో నున్నటి గ్రానైట్ పలకలు. వాటి మీద గుమ్మడికాయ గుజ్జు, సరిగ్గా దాని మీద వెనక చక్రాలు. దిష్టి తీసిన కాయను తాకకూడదని ఎవరూ ఊడ్వలేదు.

"ఎంత తొక్కితే బండి అంత నీరసమైపోయింది పాపా," అన్నాడు మామ. పాపం, మొహం పీక్కుపోయింది.

"స్పీడు మీటరు పక్కన పసుప్పచ్చ లైటు వెలిగి ఆరిందా మామా?"

"అవునమ్మా. దేవుడు కన్ను కొట్టినాడనుకున్నాను."

యజమానికి చెప్పాను. "ప్రతి చక్రం వేగాన్నీ ఒక సెన్సర్ చూస్తుంది సార్. ఇంజిన్ తిప్పేది వెనక చక్రాలను. అవి ముందువాటికంటే వేగంగా తిరిగితే, జారుతున్నట్టు లెక్క. వెంటనే కంప్యూటరు ఇంజిన్ బలం తగ్గించి, జారే చక్రానికి బ్రేకు వేస్తుంది. లేకుంటే నిన్న బండి అడ్డంగా జారి గోడకు కొట్టుకునేది."

"అంటే బండే తనంతట తాను నిలిచిందా?" అన్నాడాయన.

చీపురు నేనే పట్టాను. కడిగి, ఇసుక చల్లి, "లారీ కాలు మరిచిపో మామా, మెల్లగా," అన్నాను. కారు జారకుండా రోడ్డెక్కింది.

"తాళం నీ దగ్గరే పెట్టుకో మునియప్పా," అన్నాడు యజమాని. మామ కంటే ముందు నాకే ఏడుపొచ్చింది.

నాలుగింటికి మామ నన్ను అదే కారులో బస్టాండుకు తీసుకెళ్లాడు. వానకు తడిసిన మలుపులో పసుప్పచ్చ లైటు మెరిసింది. నేను చెప్పకుండానే యాక్సిలరేటరు మీంచి కాలు తీశాడు. "అక్క కూడా ఇంతే పాపా. చిన్నప్పుడు నేను ఎగిరినప్పుడంతా చొక్కా పట్టుకొని ఆపేది."

ఎన్నో కార్లు విప్పాను కానీ, ఆ చిన్న లైటంటే ఇంత ప్రేమ ఎప్పుడూ పుట్టలేదు. బస్సు కదిలాక అమ్మకు ఫోన్ చేసి, తమ్ముడి ఉద్యోగం నిలిచిందని చెప్పాను.

"సరే గానీ," అంది అమ్మ, "వాణ్ని మెల్లగా తోలమని చెప్పినావా?"