తమ్ముడి రిపోర్టు మా వాడకు చేరిన రోజు

తమ్ముడికి క్షయ ఉందని నాకు పక్కింటామె ఫోన్లో చూస్తే తెలిసింది. బెల్లంపల్లిలో మా క్వార్టర్ ముందు బట్టలు ఆరేస్తుంటే వచ్చి ఫోటో చూపించింది. కెన్యాలో వాడు పనిచేసే ఫ్యాక్టరీవాళ్లు చేయించిన పరీక్ష రిపోర్టు అది. వాడి పేరు, ముఖం, జబ్బు, అన్నీ ఉన్నాయి. అక్కడి మనవాళ్ల వాట్సాప్ గ్రూపులో సూపర్‌వైజర్ పెట్టాడట. అందులో ఉన్న పక్కింటామె మరిది ఇటు పంపాడు.

వెంటనే తమ్ముడికి ఫోన్ చేశాను. స్విచ్ఛాఫ్. వాడు మాట పడే మనిషి కాదు. పదో తరగతి తప్పినప్పుడు ఎవరికీ చెప్పకుండా గోదావరి వైపు నడిచిపోతే, బాపు వెతికి పట్టుకొచ్చాడు. అది గుర్తొచ్చింది. పరాయి దేశంలో ఒంటరి గది, లోపల గడియ... అదే కళ్లముందు తిరిగింది.

కన్నతండ్రి కదా, బొగ్గుబాయిలో పనిచేసి రిటైరైన బాపుకు చెప్పక తప్పలేదు. ఆయన ఫోటో చూడనన్నాడు.

"బీమారి సంగతి తర్వాత. పోరడు బతికున్నడా లేడా, గా ముచ్చట చెప్పు."

నా మనసులో ఉన్నదే ఆయన నోట వచ్చేసరికి మళ్లీ మళ్లీ ఫోన్ కలిపాను.

పొద్దుగూకే ముందు వాడే చేశాడు. సిగ్గుతో ఫోన్ ఆపేసి పడుకున్నాడట. మందులిచ్చే నర్సమ్మ తలుపు కొట్టి లేపిందట. ఒంటి సంగతి మన ఒప్పుకోలు లేకుండా బయటపెట్టడం తమ దేశ చట్టంలో తప్పని చెప్పి, అర్జీ పెట్టించడానికి సర్కారు ఆఫీసుకు వెంటబెట్టుకుని పోయిందట.

"అక్కా, గీడ దానికి కానూన్ ఉన్నది. అర్జీ పెట్టిన," అన్నాడు.

ఆ అర్జీతో పనిలోంచి తీసేస్తారేమోనని వాడికి భయం. అంతకంటే నాకు.

తీసేయలేదు. ఆ ఆఫీసువాళ్లు విచారణ చేసి గ్రూపులోంచి ఫోటో తీసేయించారు, కంపెనీ చేత తప్పు ఒప్పించారు. మందులు పూర్తిగా వాడాక తమ్ముడు కోలుకున్నాడు. సెలవు దొరికితే ఇంటికి రమ్మన్నాను.

"ఆడ ఫోటో తీసేపిచ్చిన. మన వాడల ఎవలకు అర్జీ పెట్టాలె?" అన్నాడు.



అయినా వచ్చాడు. మంచిర్యాల స్టేషన్‌లో బాపు వాడి చేతిలోని సంచి అందుకున్నాడు. ఇంటి ముందు ఆటో దిగేసరికి పక్కింటామె తన గుమ్మంలో ఉంది. మంచిగున్నవా అని అడిగింది గానీ దగ్గరికి రాలేదు. చేతిలో ఫోన్ ఉంది. వాడు తలూపి లోపలికి పోయాడు. తలుపు వేయాలో, తెరిచి ఉంచాలో తెలియక నేను మా గుమ్మంలోనే నిలబడ్డాను.