చెంప మీది చుక్క

గజపతినగరంలో విజయనగరం బస్సెక్కినప్పటి నుంచీ పక్కసీటు ముసలమ్మ మా పాపనే చూస్తోంది. నాకది నచ్చలేదు. జ్వరం తగ్గని నాలుగేళ్ల పిల్ల, రక్తపరీక్ష అంటేనే వణికిపోతోంది. పైగా ఈ చూపొకటి!

"పాపకేటయ్యిందమ్మా?"

"ఏమీ లేదు," అని పిల్లని కిటికీ వైపు జరుపుకున్నాను.

"నాకు సూది గుచ్చుతారు," అని పాప ఏడుపు మొదలెట్టింది.

ముసలమ్మ చటుక్కున చెయ్యి చాపి, పాప చెంప మీది దిష్టిచుక్కని బొటనవేలితో తుడిచేసింది. నేను ఆ చేతిని తోసేసేలోపే, వేలికంటిన కాటుకని పిల్ల మోచేతి మడతలో అద్దింది.

"ఒలమ్మీ, సూది ఈ సుక్క కాడే ఏస్తారు. మిగతా సెయ్యంతా నీదే. నర్సమ్మకి నువ్వే సూపించాల."

బస్సు దిగాక వెనక్కి తిరిగి చూడకుండా నడిచాను. ల్యాబులో పాప తనే గౌను చెయ్యి పైకి లాగి, "ఇక్కడే, ఇంకెక్కడా కాదు," అంది. కళ్ళనిండా నీళ్ళే గానీ చెయ్యి మాత్రం కదల్లేదు.

అయినా నాకు అనుమానం పోలేదు. ఇంటికి రాగానే ఆ ముసలమ్మ దిష్టంతా పోవాలని ఉప్పు తిప్పి పారేశాను.

తర్వాతెప్పుడో టీకాకి బయల్దేరుతుంటే, పాప చెంప నా వైపు తిప్పింది.

"అమ్మా, చుక్క భుజానికి మార్చు."

నా బొటనవేలితోనే మార్చాను.