ఒకే ఒక్క పియానో పుస్తకం

విజయనగరంలో బట్టల కొట్టు మీది మేడగదిలో నేను పిల్లలకు పియానో నేర్పుతాను. బోర్డు మీద పియానో అని రాయించానే గాని గదిలో ఉన్నవి కీబోర్డులే. ఐదారేళ్ల పిల్లలొస్తే నాకు చింత లేదు, వాళ్లకు పుస్తకాలు బోలెడు. పన్నెండు దాటిన పిల్ల వచ్చి మొదటినుంచి నేర్పమంటేనే తల పట్టుకుంటాను.

అలాంటి ఒకమ్మాయి గజపతినగరం నుంచి ఆదివారాలు బస్సులో వచ్చేది. తొమ్మిదో తరగతి. వాళ్ల నాన్నకు అక్కడ కిరాణా కొట్టు. చేర్పించిన రోజు ఆయన పిల్లను కిందికి పంపేసి, గుమ్మం దగ్గర చెప్పులేసుకుంటూ గొంతు తగ్గించాడు.

"మేడమ్ గారూ, దానికి ఒక పుస్తకం సెప్పండి, సాలు. అది అయిపోతే మానిపించేస్తాను. పై ఏడు టెన్త్ కదా. ఈ మాట ఇప్పుడే దాంతో అనకండి, మనసు పాడైపోతాది."

మా వైపు ఏ చదువునైనా పుస్తకంతోనే కొలుస్తారు. లెక్కల పుస్తకం అయిపోతే లెక్కలు వచ్చేసినట్టే, హిందీ పుస్తకం అయిపోతే హిందీ వచ్చేసినట్టే. పియానో కూడా ఓ పుస్తకమంతే ఉంటుందని ఆయన నమ్మకం. పోనీ గట్టిగా తిడదామా అంటే, కూతురి సరదా కోసం కొట్టు కట్టేసి ఇంతదూరం వచ్చిన మనిషాయె. నా కోపం నోటిదాకా వచ్చి ఆగిపోయింది.

అలా ఆ పిల్ల నా దగ్గర ఎన్నాళ్లుంటుందన్నది నేను ఎంచే పుస్తకం మీద ఆధారపడింది.

ముందు చిన్నపిల్లల పుస్తకం తీశాను. అట్ట మీద ఎలుగుబంటి, లోపల బాతులు, పైగా ఐదారేళ్ల వాళ్లకని పెద్దక్షరాలతో అచ్చు. ఆమె దాన్ని రెండు వేళ్లతో పట్టుకుని, "ఇదేటి మేడమ్, మా తమ్ముడిదా?" అంది. పక్కన ఒకటో తరగతి బుడతడు కిసుక్కున నవ్వాడు. మన సంగీతమే నయం. తల నెరిసినాయన వచ్చినా సరళీస్వరాల దగ్గరే కూర్చోబెడతారు, ఎవరూ నవ్వరు. అదీగాక ఐదు మీటలు దాటని ఆ పల్చటి పుస్తకాన్ని ఈ పిల్ల నెల తిరక్కుండా ముగించేస్తుంది.

పెద్దవాళ్ల పుస్తకం లావుగానే ఉంది. కాని పాట కంటే ముందు పేజీడు ఇంగ్లీషు ఉపన్యాసం, నాలుగు పేజీలు తిప్పేసరికి ఎడమచేతికి మూడేసి మీటలు ఒక్కసారే. ఆమెది తెలుగు మీడియం, చెయ్యి ఇంకా చిన్నది. ఇంకోదాని నిండా మంచు మీద జారే పాటలే. గజపతినగరంలో మంచు మీద ఎవడు జారాడని! విశాఖపట్నం నుంచి తెప్పించడం, విసుక్కుని తిప్పి పంపడం, ఇదే నా పనైపోయింది.

చివరికి ఒకటి దొరికింది. కాస్త ఎదిగిన పిల్లల కోసమే చేసింది. అట్ట మీద బొమ్మల్లేవు, మాటలు తక్కువ, మొదటినుంచీ రెండు చేతులకూ పని, చిన్న పాటైనా వింటే పాటలాగే ఉంటుంది. అన్నిటికంటే ముఖ్యం, మందంగా ఉంది. నిదానంగా చెబితే టెన్త్ పరీక్షలు దాటిపోతాయి, ఈలోపు ఆయన మనసు మారకపోదు అనుకున్నాను. ఒక్కో పాటనూ వారాల తరబడి సాగదీశాను. చూడకుండా వాయించమన్నాను, కళ్లు మూసుకుని వాయించమన్నాను.

"తరవాత పాట ఎప్పుడు సెప్తారు మేడమ్?" అని ఆమె వేధించేది.

"తొందరేమిటే నీకు?" అని కసిరేదాన్ని.

పుస్తకం ఇంకా సగం కూడా కాలేదు, దసరా సెలవులొచ్చాయి. పిల్ల ముచ్చట చూసి వాళ్ల నాన్న ఇంటికి కీబోర్డు కొన్నాడు. సెలవులయ్యాక తండ్రీకూతుళ్లు కలిసి వచ్చారు. ఆమె నన్ను పలకరించకుండానే కూర్చుని పుస్తకం చివరి పేజీ తీసింది. చేతులు ఒకదాని మీంచి ఒకటి దాటాల్సిన పాట అది. తప్పులున్నాయి, కాని తడబాటు లేదు. ఇంత వయసులో మొదలుపెట్టి అలా వాయించిన పిల్ల నాకు ఇంకొకరు తగల్లేదు.

"మొత్తం అయిపోనాది మేడమ్! ఎవరూ సెప్పకుండా నేనే సూసుకుని నేర్సుకున్నాను. రెండో పుస్తకం ఎప్పుడు మొదలెడదాం?"

ఆయన కళ్లు చెమర్చాయి. కూతురి తల నిమిరాడు. "సూసారా మేడమ్ గారూ, ఎంత తెలివైందో! అనుకున్నదానికంటే ముందే అయిపోనాది."

ఇది మొదటి పుస్తకమేనండీ, అసలు సంగీతం ఇక్కణ్ణించే మొదలవుతుందని బతిమాలాను. ఆయన నొచ్చుకున్నాడు.

"మనం ఒకటే అనుకున్నాం కదండీ. నేనేటైనా మాట తప్పానా?"

ఆ పిల్ల ఆయన వైపు చూసింది, నా వైపు చూసింది. ఏ మాట అని ఇద్దరిలో ఎవర్నీ అడగలేదు. చేతులు మీటల మీంచి తీసి ఒళ్లో పెట్టుకుంది. నాకు ఏడుపొచ్చింది.

ఇంట్లో ఒక్కసారైనా సాధన చెయ్యని పిల్లలు ఇప్పటికీ ప్రతి ఆదివారం వస్తూనే ఉన్నారు. వాళ్ల పుస్తకాలు ఇప్పట్లో అయిపోవు.